ఆడకున్నను అద్దె

కొన్ని వారములుగా నా నిద్రను చెడగొట్టుచున్నది అప్పు కాదు, ఆఫీసు కాదు, కనీసము వీసా యైనను కాదు. మా అబ్బాయి మైన్‌క్రాఫ్ట్ సర్వరునకు నెలనెలా వచ్చుచున్న బిల్లు. పిల్లలున్న యింటివారికి ఆ యాటను గూర్చి వేరుగ విన్నవింప నక్కరలేదు: దిమ్మెలు త్రవ్వుట, త్రవ్విన దిమ్మెలను పేర్చుట, పేర్చినదానిని స్నేహితుడు కూల్చగా కంట నీరు పెట్టుట. స్వీడనులో పుట్టిన యీ మట్టిపనిని 2014లో మైక్రోసాఫ్టువారు 250 కోట్ల డాలర్లు పోసి కొనిరనగా, ఇందు నాకు తెలియని పరమార్థ మేదియో యుండియే తీరునని యూరకుంటిని. ఆ కంపెనీవారే నెలకు 7 డాలర్ల 99 సెంట్లకు 'రెల్మ్స్' అను సర్వరు నిచ్చుచుండగా, అందు ఆట తీరును మార్చు మోడ్‌లు పెట్టుకొన వీలులేదని మావాడు దానిని తృణీకరించి, "గంటకి 8 సెంట్లే నాన్నా, వాడుకున్నంతకే కడతాం" అని నా క్రెడిట్ కార్డును ఒక క్లౌడు సంస్థకు ధారవోసెను. ఆ సంస్థ పేరు చెప్పను. మా వీధిలో సగము మంది దానియందో, దాని పోటీదారుల యందో పనిచేయుచున్నారు; సత్యనారాయణ వ్రతములకు పిలుపులు మానివేయగలరు.

క్లౌడు పండితుల సిద్ధాంతము ప్రకారము నెలకు 730 గంటలు. 8 సెంట్లను 730తో హెచ్చవేయగా 58 డాలర్ల 40 సెంట్లు. ఇది మెషీనునకు మాత్రమే. ఆ మెషీను డిస్కునకు వేరొక పద్దు. మెషీనును ఆపివేసినను డిస్కు పద్దు ఆగదు. ఆ డిస్కునకు నకలు తీసి దాచినందుకు మరియొక పద్దు. లోకమునకు ఆ మెషీను కనబడుటకు కావలసిన ఐపీ అడ్రసునకు సైతము గంటల చొప్పున అద్దె. వీనికి తోడు బయటకు పోయిన గిగాబైట్లకును సుంకము. ఆ బయట యెక్కడనుకొంటిరి? మేముండునది వర్జీనియాలో లౌడన్ కౌంటీ, ఆష్‌బర్న్. ప్రపంచమున మరెచ్చటను ఇన్ని డేటా సెంటర్లు ఒక్కచోట గుమిగూడి యుండలేదందురు. పాల డబ్బా కొరకు కారు తీసినచో దారికి ఇరుప్రక్కల కిటికీలు లేని ఆ ధూసర భవనములే. బిల్లుపైన సర్వరుండు చోటు 'ఉత్తర వర్జీనియా' యని స్పష్టముగ వ్రాసియున్నది. అనగా మా వంటింటి కిటికీనుండి కనబడు గోడల వెనుక నుండి మా పడమటి గదికి వచ్చిన గిగాబైటునకు, సముద్రములు దాటిపోయినదానికి వలెనే, ఎగుమతి సుంకము చెల్లించుచున్నాను. నేనే నడచి వెళ్ళి తెచ్చుకొందును, ఒక సంచి యిండని యడుగుటకు కౌంటరైనను లేదు.

మా తెనాలి వైపు పెండ్లిండ్లలో వంటవారికి ఆకుల లెక్కన సొమ్ము చెల్లించు పద్ధతి యొకటి కలదు. ఆకున కింత యని బేరము. భోజనములైన పిదప ఎంగిలాకుల బుట్టకు ఒక ప్రక్క వంట మేస్త్రి పంపిన కుర్రవాడును, మరియొక ప్రక్క పిల్ల తండ్రి నియమించిన బావమరిదియు కాగితము, పెన్సిలు పట్టుకొని నిలుతురు. అంతట మీమాంస యారంభమగును. అయిదేండ్ల పిల్ల కెలికి విడిచిన యాకు పూర్ణమా, అర్ధమా? పప్పు వడ్డించిన తరువాత ఎదుటి బంతిలో వియ్యంకుడు కనబడగా లేచిపోయి అచ్చట కూర్చున్నవాని యాకు ఒకటా, రెండా? చిరిగినదని అడుగున రెండవ ఆకు వేయించుకొన్న పెద్దాయనకు ఒక పద్దా, రెండు పద్దులా? ఫ్యాను గాలికి ఎగిరిపోయినది ఎవరి ఖాతా? మా పెదతల్లి కుమార్తె పెండ్లిలో ఈ వాదము అరుంధతీ దర్శనము దాకను సాగినది. బావమరిది చివరకు పంచె యెగగట్టి, బుట్టను బోర్లింపజేసి, సాంబారు కారుచున్న యాకులను ఒక్కొక్కటిగ మరల లెక్కించెను. మేస్త్రి చెప్పినదానికి మూడు తక్కువ వచ్చినవి. విజయగర్వముతో ఆయన తలయెత్తగా, మేస్త్రి ఇసుమంతయు చలింపక, "ఆ మూడూ కుక్కలు లాక్కుపోయినయ్యండి" అనెను. పెండ్లికొడుకు మేనమామ మధ్యవర్తిగ వచ్చి, కుక్కలు లాగుకొనిపోయిన యాకుల సొమ్ము ఉభయులును చెరిసగము భరించునట్లు తీర్పు చెప్పెను; ఆ తీర్పుపై మా పెదనాన్నగారు ఆజన్మాంతము అప్పీలు చేయుచునే యుండిరి. అయినను ఆకు కంటికి కనబడును. ఎవ్వరును కూర్చుండక వట్టిగ పరచి యున్న యాకునకు గంటల లెక్కన సొమ్మడిగిన వంటవానిని నే నెరుగను. గిగాబైట్ల బుట్టకడ నే నే బావమరిదిని నిలుపుదును?

గంటల లెక్క క్రొత్తది కాదు. మా వర్జీనియాలోనే షార్లట్స్‌విల్‌లో పుట్టిన 'ఐలండ్ ఆఫ్ కెస్మాయి' అను ఆటను 1985లో కంప్యూసర్వ్ అను ఆన్‌లైను సంస్థ ద్వారా ఆడినవారు గంటకు 6 డాలర్లు, మోడెము వేగము హెచ్చైనచో 12 డాలర్లు ఇచ్చుకొనిరి. 1996 డిసెంబరులో అప్పుడు మా కౌంటీలోని డల్లెస్ కేంద్రముగా నుండిన అమెరికా ఆన్‌లైనువారు ఆ పీడ వదలించి నెలకు 19 డాలర్ల 95 సెంట్లకు ఎంతసేపైన నుండుడని ద్వారములు తెరువగా, జనము లోనికి పోయి వెలుపలికి రాకపోవుటచే ఫోను లైన్లన్నియు బిజీ యైపోయినవి. మీటరు చచ్చినదని లోకము సంతసించినది. పదేండ్లు తిరుగక మునుపే, 2006లో, అమెజానువారు మెషీనులనే గంటకు 10 సెంట్ల చొప్పున బాడుగ కిచ్చి దానిని బ్రతికించిరి. 2017లో గంటను సెకనులుగ చీల్చిరి.

ఇంతకును నా కడుపుమంట యేమనగా, సర్వరులో ఆడువారు లేరు. ఆ యాటలో కాలము సెకనునకు 20 పర్యాయములు కదలును. ఎవ్వరును లేనప్పుడు క్రొత్త వెర్షనులలో లోకము దానంతట అదియే నిలిచిపోవును. లోకము నిలుచును గాని మీటరు నిలువదు. ప్రాజెక్టు లేక బెంచిమీద కూర్చున్న కన్సల్టెంటుకు క్లయింటు చిల్లిగవ్వ ఈయడు కదా, ఈ యంత్రమున కేల ఈయవలెనని యడిగితిని, సమాధానము రాలేదు. ఖర్చునకు పరిమితి పెట్టుకొనవచ్చునని మాత్రము ఆ సంస్థవారు చెప్పిరి. పెట్టితిని. అది దాటిన మరునాడు, దాటినదని మర్యాదగ ఈమెయిలు వచ్చినది. దాటనీయకుండుట ఆ పరిమితి విధులలో లేదట. రాత్రివేళ సర్వరును తనంత తానే ఆపు చిన్న ప్రోగ్రామును మావాడు వ్రాసెను. ఆ ప్రోగ్రాము నడచినందుకును పద్దు పడినది, సెంటులో వేయవవంతు.

పట్టుమని వారమైనను గడవక మునుపే వాడు ఆ ప్రోగ్రామును తీసివేసెను. నిలదీసితిని.

"రాత్రి ఆపేస్తే ఎలా నాన్నా? మనకి రాత్రయితేనే కదా గుంటూర్లో తెల్లారేది. అన్నయ్య వస్తే సర్వర్ ఆఫ్‌లో ఉంటుంది."

అన్నయ్య యనగా మా అన్నగారి కుమారుడు. ఇంటర్మీడియెట్‌లో చేరి హాస్టలునకు పోయినాడు. వేసవిలో వచ్చెడివాడు, ఇప్పుడు రాడు. వీనికి ఆ సంగతి తెలియును.

నేను ఈ దేశమునకు వచ్చిన క్రొత్తలో ఇండియన్ గ్రోసరీలో కాలింగ్ కార్డులు కొని, గోటితో గీకి, ఆ పొడుగాటి పిన్ను నంబరు నొక్కి, నిమిషముల లెక్కన ఇంటితో మాటాడెడివాడను. రెండు నిమిషములే మిగిలినవని ఆ యింగ్లీషు గొంతు హెచ్చరింపగనే అమ్మ, అన్న, వదిన, ప్రక్కింటి పిన్నిగారు ఒకరి తరువాత నొకరు పరుగున వచ్చి ఫోనందుకొని, ఎవరును ఒక్క వ్యర్థపు మాట యాడక, కుశలమంతయు అడిగి ముగించెడివారు. ఇప్పుడు వాట్సాప్‌లో ఎంతసేపు మాటాడినను ఖర్చు లేదు. అన్నతో మాటాడి ఎన్నాళ్ళైనదో చూతమని ఫోను తెరచితిని. కడపటి సందేశము ఉగాది శుభాకాంక్షల బొమ్మ. అదియు ఎవరో పంపినదానిని నేను త్రోసినది.

ఆ క్లౌడు సంస్థకు ఇచ్చిన కార్డు గడువు వచ్చు నెలతో తీరుచున్నది. క్రొత్త కార్డు నంబరు ఎక్కింపుమని మావాడు రెండుమార్లు గుర్తుచేసెను. ఈ ఆదివారము ఎక్కింతునని చెప్పితిని.