పాట మా ఇంట్లో, దరువు పక్కింట్లో

మా తిరుత్తణిలో పుట్టినవాడికి చెవులు పుట్టుకతోనే స్టీరియో. ఎడమ చెవిలో తెలుగు, కుడి చెవిలో తమిళం. 1960 ఏప్రిల్ 1న మా ప్రాంతాన్ని చిత్తూరు జిల్లా నుంచి తీసి మదరాసు రాష్ట్రంలో కలిపారు. తేదీ చూసి తమాషా అనుకున్నవాళ్ళు కూడా ఉండే ఉంటారు. కాయితాలు మారాయి గానీ మా వీధిలో పాటలు మారలేదు. ఇటు ఇంట్లో ఘంటసాల, ఎదురింట్లో సౌందరరాజన్, నడిమధ్య రోడ్డు మీద పోయేవాడికి దమ్మిడీ ఖర్చు లేకుండా రెండు చానెళ్ళు. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు పుట్టిన ఊరు కావడంతో మాలో ప్రతివాడికీ కాస్తో కూస్తో వేదాంతం అబ్బింది. అన్నీ ఉన్నా ఏదో వెలితిగా అనిపించడం ఆ జబ్బు లక్షణం. నా వెలితి పేరు బాస్ అని కనిపెట్టినవాడు మా బావమరిది.

అతనికి ఉద్యోగం అంబత్తూరులో, ప్రాణం మౌంట్ రోడ్డు పక్కనున్న రిచీ స్ట్రీట్‌లో. ఒక ఆదివారం వచ్చి మా హాల్లో స్పీకర్ల ముందు కూచుని, కళ్ళు మూసుకుని, వైద్యుడు నాడి చూసినంత సేపు చూసి, "బావా, వీటికి నడుము కింద ఏమీ లేదు" అన్నాడు. "సబ్‌వూఫర్ పెట్టాలి."

నిజానికి మా ఊళ్ళో బాస్‌కు కొదవ ఉందన్నవాడు ఆడికృత్తికకు ఎన్నడూ రాలేదన్నమాట. కావళ్ళ వెంట పంబలు మోగుతూ వస్తుంటే గుండె తన లెక్క మరిచి పంబ లెక్కలో కొట్టుకుంటుంది. ఇక స్టేషన్ నుంచి సుబ్రహ్మణ్యస్వామి కొండ దాకా తిరిగే షేర్ ఆటోల్లో వెనక సీటు కింద పెట్టె ఒకటి ఉంటుంది. ఏ పాటో తెలియకుండానే దిగిపోతాం, నడుం నొప్పి మాత్రం తాళంలో ఉంటుంది. బాస్ దొరకనిది ఒక్క పందిరి మైకులోనే. ఆ బాకా అంతంతమాత్రం పొడవు. కింది స్వరాల అలలు మోయాలంటే బాకా కూడా ఆ అలకు తగ్గ కొలతలో ఉండాలి. అందుకే కొయ్యకు కట్టిన మైకులో ఎంత గంభీరమైన గొంతయినా ముక్కుతో పాడినట్టే వినిపిస్తుంది.

బావమరిది పాఠం మొదలెట్టాడు. మనిషి చెవికి 20 హెర్ట్జ్ నుంచి 20,000 దాకా అందుతుంది. మామూలు స్పీకర్లు సుమారు 80 దాకా బాగానే దిగుతాయి, ఆ కింద ఆయాసపడతాయి. ఆ కింది భాగం మోయడానికే సబ్‌వూఫర్. అయితే ఒక స్థాయి కిందికి దిగి అంతే బిగ్గరగా మోగాలంటే కోను నాలుగింతల గాలి నెట్టాలి. అంటే 40 హెర్ట్జ్ దగ్గర హాయిగా పాడే పెట్టె 20 దగ్గర నాలుగింతలు కష్టపడాలి. మా కొండకు 365 మెట్లు. ఎక్కేటప్పుడు ప్రతి మెట్టూ ఒకే ఎత్తు. బాస్‌లో మాత్రం దిగేకొద్దీ మెట్టు ఎత్తు పెరుగుతుంది, దాంతోపాటు ధర కూడా.

రిచీ స్ట్రీట్‌కు పోయాం. అక్కడొక దుకాణంలో పెట్టె మీద కొన్ని వేల వాట్లని రాసి ఉంది. అన్ని వాట్లు నిజమైతే మా ఇంటి మీటరు తిరిగి తిరిగి ఊడి పడాలి. అది పీఎంపీఓ లెక్కట. కన్ను మూసి తెరిచే లోపల వచ్చి పోయే బలాన్ని, అదీ అమ్మేవాడి ఊహలో, కొలిచే పద్ధతి. మనం అడగవలసింది ఆర్‌ఎంఎస్ వాట్లు, అంటే నిలకడగా ఇచ్చే బలం. ఆ మాట అనగానే దుకాణంలో కుర్రవాడు మమ్మల్ని గౌరవంగా చూసి, లోపలి గదికి తీసుకుపోయి, 'హోటల్ కాలిఫోర్నియా' వేశాడు. ఈగల్స్ వాళ్ళు 1994లో చేసిన కచేరీ రికార్డింగు. గిటార్ల మధ్య పెద్ద డ్రమ్ము దెబ్బ పడుతుంది. ప్రపంచంలో స్పీకర్లమ్మే ప్రతి కొట్టులోనూ ఈ దెబ్బే పడుతుందనుకుంటాను. విన్నవాడు పర్సు తీస్తాడు.

చిల్లు ఉన్న పెట్టెలు, లేని పెట్టెలు అని రెండు జాతులు. చిల్లు ఉన్నది తక్కువ బలంతో ఎక్కువ మోగుతుంది గానీ, దానికి నిర్ణయించిన హద్దు దాటితే దబ్బున చతికిలపడుతుంది. మూసిన పెట్టె అంత ఆర్భాటం చేయదు, మెల్లగా తగ్గుతుంది, తాళం తప్పకుండా ఆగుతుంది. చిల్లు ముందు చెయ్యి పెట్టి గాలి చూసి మురిసిపోయే జనమే ఎక్కువ. మేము 10 అంగుళాల మూసిన పెట్టె తీసుకున్నాం. తిరుత్తణి లోకల్లో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూచుంటే, ఎదురు సీటావిడ తిరువళ్ళూరు దాకా ఓర్చుకుని, దిగబోతూ అడిగింది: "ఏం సామీ, గ్రైండరా?"

ఇంటికొచ్చి తగిలించగానే పెట్టె పాడిన మొదటి పాట కరెంటుది. గూమ్మని 50 హెర్ట్జ్. ఆంప్లిఫయర్‌ను ఒక గోడకీ, పెట్టెను ఇంకో గోడకీ గుచ్చితే ఎర్తుల మధ్య సుడి పుట్టి ఆ రాగం వస్తుందట. రెండూ ఒకే బోర్డుకు మార్చగానే ఊరుకుంది. తర్వాత బాలు పాట వేశాం. 2020లో ఆయన్ని మట్టిలో కలిపింది మా జిల్లా తామరైపాక్కంలోనే, కాబట్టి మా ఇంట్లో ఆయన గొంతు పరాయివాళ్ళ గొంతు కాదు. వంటింట్లోంచి అవ్వ తొంగిచూసి, "ఏం నాయనా, బాలుకు పడిశం పట్టిందా?" అంది. ఎనభై ఏళ్ళు దాటిన ఆ చెవి పట్టినదాన్ని బావమరిది చదువు పట్టలేకపోయింది. పెట్టె ఏ స్వరం దాకా మోగాలో చెప్పే వెనక మీట 150 దగ్గర ఉంది. మగ గొంతు పునాది సుమారు 100 హెర్ట్జ్ అటూ ఇటూ ఉంటుంది గనక, ఆ గొంతులో సగం ఈ పెట్టెలోంచి మోగి రొంప పట్టినట్టయింది. 80కి దించాం, బాలుకు తగ్గింది.

పెట్టె ఎక్కడ పెట్టాలన్నది అసలు ముడి. 20 హెర్ట్జ్ అల పొడవు 17 మీటర్లు. మా హాలు 12 అడుగులు. అంత అల ఇంట్లోకి వస్తే గోడకు కొట్టుకుని వెనక్కి తిరగక ఏం చేస్తుంది? 12 అడుగుల గదిలో 47 హెర్ట్జ్ దగ్గర అలలు ఒకదాని మీద ఒకటి పడి నిలబడిపోతాయి. గోడ దగ్గర ఉరుములు, గది నడుమ కరువు. సోఫాలో కూచున్న నాకు బాస్ లేదు, మూల స్టూలు మీద పప్పు ఏరుకుంటున్న అవ్వకు మోతాదు మించి ఉంది. దీనికి లోకమంతా ఒప్పుకున్న చిట్కా ఒకటుంది. పెట్టెను మనం కూచునే చోట పెట్టి, పాట వేసి, మనం నేల మీద పాకుతూ గోడల వెంట తిరగాలి. ఎక్కడ బాస్ సమంగా వినిపిస్తే అక్కడ పెట్టెను పెట్టుకోవాలి.

సోఫా మీద పెట్టె ఆసీనమైంది. నేను పంచె ఎగ్గట్టి మోకాళ్ళ మీద బయల్దేరాను. టీవీ బల్ల దాటి, బీరువా పక్కగా, చెవి నేలకు ఆనించి ఒక చోట ఆగి, మళ్ళీ కదిలి. వెనక బావమరిది, "ఇంకొంచెం కుడికి బావా" అంటూ. అవ్వ పప్పు చేట కింద పెట్టి లేచి నిలబడి దణ్ణం పెట్టింది.

"తణికేశుడికి మొక్కుకున్నావా నాయనా? చేస్తే కొండ మీద చెయ్యి, తడి పంచెతో చెయ్యి. ఈడ పొర్లితే ఫలం రాదు."

చోటు దొరికాక మిగతా ఇల్లు పాడడం మొదలెట్టింది. పాట కిందికి దిగేకొద్దీ ఒక్కొక్క సామాను తన వంతు అందుకుంటుంది. ఒక స్వరానికి అటక మీది ఎవర్‌సిల్వర్ గిన్నెలు, ఇంకో స్వరానికి స్టీలు బీరువా తలుపు, మరో దానికి వల్లీ దేవసేనల పటం అద్దం. పటం వెనక మడిచిన అట్టముక్క పెట్టాను. బీరువాకు రబ్బరు వాషర్ వేశాను. గిన్నెల సంగతి ఎత్తితే, అవి నా పుట్టింటివి, తీయను అంది మా ఆవిడ.

మర్నాడు పక్కింటి రిటైర్డ్ హెడ్మాస్టరు గారు వచ్చారు. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, "పాట మీరు వింటారు, దరువు మాకు పంపిస్తారు. పంపేదుంటే రెండూ పంపండి సార్" అన్నారు. పై స్వరాలను గోడ ఆపుతుంది, కిందివాటిని ఆపలేదు. ఆయన వాదన భౌతికశాస్త్రమే. జేబులోంచి 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు కూడా తీశారు. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెళ్ళు, రాత్రి 45.

బావమరిది ఊరుకోలేదు. "సార్, ఆ కొలత మనిషి చెవిని పోలిన మీటరుతో తీస్తారు. 50 హెర్ట్జ్ మోతను అది 30 డెసిబెళ్ళు తగ్గించి చూస్తుంది. చట్టం లెక్కన మేము దాదాపు మౌనంగా ఉన్నాం."

"మా తలుపు గడియకు ఆ సంగతి తెలీదు బాబూ" అన్నారు ఆయన.

తొమ్మిది తర్వాత చిన్నగా వింటామని ఒప్పందం కుదిరింది. అయితే చిన్నగా పెడితే బాస్ ముందు మాయమవుతుంది. ధ్వని తగ్గేకొద్దీ చెవి కింది స్వరాలను ఎక్కువగా విడిచిపెడుతుందని ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే తేల్చారు. ఆ ఇద్దరికీ పక్కింట్లో ఏ హెడ్మాస్టరు ఉండేవాడో.

పెట్టె కుదిరింది, ఇక దానికి మేత కావాలి. ఇక్కడే నవ్వు రావాలో ఏడుపు రావాలో తెలియలేదు. నేను ప్రాణం పెట్టుకుని వినే ఘంటసాల పాటలు వేశాను. పెట్టె కదల్లేదు. 1957 నాటి 'మాయాబజార్' పాటల్లో అంత లోతున ఏమీ లేదు, ఉన్నది ఒక్క చానెల్. ఆ గొంతుకు ఏ పెట్టె సాయమూ అక్కర్లేదు. ఎం.ఎస్. సుప్రభాతం వేశాను. పెట్టె ధ్యానంలో ఉంది. ఇంట్లో అందరికీ ఇష్టమైన పాటల్లో దానికి పనే లేదు. దాంతో 'బాస్ బూస్టెడ్' అని పేరు పెట్టిన పాటలు తెచ్చారు పిల్లలు. అవి బాగా రికార్డయిన పాటలు కావు, బాగా దెబ్బలు తిన్న పాటలు. మెల్లనిదాన్నీ పెద్దదాన్నీ ఒకే ఎత్తుకు లేపి కూచోబెడతారు. పాటలో గుసగుస, కేక ఒక్కలాగే ఉంటే, ఎంత ఖరీదైన సెట్టయినా అది షేర్ ఆటోయే.

బాగా రికార్డయిందంటే ఏమిటో నాకు తెలిసింది ఒక మామూలు కర్ణాటక కచేరీ రికార్డులో. పెట్టె ఆన్‌లో ఉండగా, గాయకుడు ఇంకా నోరు తెరవలేదు, గది నిండిపోయింది. తంబురా! ఒక కట్టె శ్రుతిలో మగ తంబురా నాలుగో తీగ, మంద్ర షడ్జం, సుమారు 65 హెర్ట్జ్. ఇన్నేళ్ళుగా నా పాత సెట్లో అది పై తీగల నీడలా ఉండేది. ఆ తర్వాత మృదంగం ఎడమ చేతి గుమ్కి. రవ్వముద్ద అద్దిన తోలును అరచేతి అంచుతో నొక్కుతూ జరిపితే స్వరం వంగి పైకి లేస్తుంది. ఆ వంపు ఇప్పుడు కనిపించింది. ఇదే మృదంగం గురించి సి.వి. రామన్ 1920లోనే 'నేచర్' పత్రికలో రాశారు, మామూలు డోళ్ళు ఎందుకు రొద చేస్తాయో, మనది ఎందుకు స్వరం పలుకుతుందో. మా కొండ మీదే స్వామి కలకండ నోట్లో పెడితే ముత్తుస్వామి దీక్షితర్ తొలి కీర్తన పాడారని కథ. ఆయనకు సబ్‌వూఫర్ లేదు గానీ, తంబురా మాత్రం పక్కనే ఉండి ఉండాలి.

అప్పటి నుంచి వెతుకులాట పెట్టె కోసం కాక మైకు పెట్టిన మనిషి కోసం సాగింది. ఇళయరాజా 1986 నాటి 'హౌ టు నేమ్ ఇట్', త్యాగరాజునూ బాఖ్‌నూ ఒక చోట కూచోబెట్టినది. మదరాసు ఇంజనీరు హెచ్. శ్రీధర్ పట్టిన పాటలు. ఆయనకు నాలుగుసార్లు జాతీయ అవార్డు వచ్చింది, 2008లో చిన్న వయసులోనే పోయారు. కేసెట్ల మీద హీరో పేరుంటుంది, గాయకుడి పేరుంటుంది, ఈ మనిషి పేరు కోసం భూతద్దం కావాలి. ఇక 'ఎ మీటింగ్ బై ది రివర్'. 1992లో కాలిఫోర్నియాలో ఒక చర్చి గదిలో మన విశ్వమోహన్ భట్, అక్కడి రై కూడర్ పరిచయమై గంట కాకుండానే కూచుని వాయించింది. కవి అలెగ్జాండర్ అనే శ్రీలంక మనిషి దాన్ని పాతకాలపు వాల్వు యంత్రాలతో టేపు మీద పట్టాడు. దానికి గ్రామీ వచ్చింది. అందులో తబలా ఎడమ దెబ్బ పడితే చర్చి గోడలు ఎంత దూరంలో ఉన్నాయో చెప్పొచ్చు.

టెలార్క్ వాళ్ళ '1812' కూడా తెచ్చాడు బావమరిది. 1979లో వచ్చింది, నిజం ఫిరంగులు పేల్చి రికార్డు చేసినది. స్పీకర్లు చెడిపోగలవని కవరు మీదే హెచ్చరిక ఉంటుంది. వేశాం. అటక మీది గిన్నె ఒకటి దూకింది. గోడ అవతలి నుంచి హెడ్మాస్టరు గారు, "ఔట్లు మీ ఇంట్లోనా, కొండ మీదా?" అని అడిగారు. ఆ డిస్కు ఇప్పుడు అంబత్తూరులో ఉంది.

సబ్‌వూఫర్ సరిగ్గా కుదిరిందీ లేనిదీ తేల్చే పరీక్ష చాలా తేలిక. తిరువళ్ళూరు వీరరాఘవస్వామి కోనేట్లో జనం మొక్కుగా బెల్లం కరిగిస్తారు. కాసేపటికి బెల్లం ఎక్కడుందో ఎవరూ చూపలేరు. పెట్టె కూడా పాటలో అలా కరగాలి. వింటుండగా స్విచ్చి తీసేస్తే, "అరె, గది చిన్నదయిందే" అనిపించాలి. "దెబ్బలు ఆగాయి" అనిపిస్తే ఆ సెట్టింగు చెడ్డది, పెట్టె ఎంతదయినా సరే. నా మాట వింటే డబ్బులో సగం పెట్టెకు, పావు వంతు పాటలకు పెట్టండి. మిగతా పావు గది సర్దుకోవడానికి, దుప్పటి, కార్పెట్, రబ్బరు వాషర్లకు ఉంచండి.

దుకాణానికి పోయేటప్పుడు మాత్రం మీ పాట మీరే పట్టుకుపోండి. మీరు రోజూ వినేది, తంబురా వినిపించేది, గాయకుడి ఊపిరి తెలిసేది. హోటల్ కాలిఫోర్నియా వాళ్ళ దగ్గర ఎలాగూ ఉంది.