గొళ్ళెం తాతగారు

ఏలూరు పవరుపేటలోనో తాడేపల్లిగూడెంలోనో పాత డాబాకి రిపేర్లు మొదలయ్యాయంటే, ఇసక గుట్ట పక్కన కుర్చీ వేసుకున్న పెద్దాయన ఒకరు తప్పక కనబడతారు. రిటైరై చాన్నాళ్ళయి ఉంటుంది. కొల్లేటి వైపు కాస్త చేపల చెరువుంటే లీజుకిచ్చి ఉంటారు. బెంగుళూరులో మనవడు పాకడం మొదలెట్టాడని వీడియో కాల్లో చూసిన రోజు నుంచీ ఆయన కంటికి ఇల్లు ఇల్లులా ఆనదు. అన్నీ మొనలూ అంచులూ కన్నాలే.

"మేస్త్రీ, ఓసారి పిల్లాడిలా చూడవయ్యా" అంటూ పంచె ఎగ్గట్టి, తానే గచ్చు మీద పాకుతారు. పాకడం వరకూ బానే ఉంటుంది. లేవదీయడానికే ఇద్దరు కావాలి. ఆ కూలి ఏ పద్దు కింద రాయాలో మేస్త్రికి పాలుపోదు.

మార్బుల్ వేస్తున్నాం కాబట్టి గడపలు పీకేసి నేలంతా సాపు చేసేద్దామంటాడు మేస్త్రి. తట్టుకుని పడే బెడద ఉండదని తాతగారు సరేనంటారు. వంటింట్లోంచి మామ్మగారి గొంతు: "అడుగులేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు. గడపే లేకపోతే గారెలెందుకూ?" గారెల్లేని శుభకార్యం తాతగారూ ఊహించలేరు. గడప ఉండిపోయింది, దానికి అటూ ఇటూ సిమెంటు వాలు దిగింది. ఆ వాలు మీద మొదట జారినవాడు గ్యాసు బండ తెచ్చిన కుర్రాడు.

ఇక గొళ్ళేల సంగతి. కోడలి చేత మనవణ్ణి గోడకి నిలబెట్టించి ఎత్తు కనుక్కుంటారు. వాడు చెయ్యెత్తితే అందేదానికి జానెడు పైన గొళ్ళెం ఉండాలి, అదీ లెక్క. మన రిపేర్లు మూడు నెలలన్నవి ఏడాది దాటడం మామూలే కదా, పనికన్నా పిల్లాడే తొందరగా ఎదుగుతాడు. ఎదిగినప్పుడల్లా వడ్రంగికి కబురు. బాత్రూం తలుపుకి పాత కన్నాలు పిల్లనగ్రోవికున్నట్టు వరసగా తేలాయి. గొళ్ళెం మాత్రం మామ్మగారి చేతికి అందని ఎత్తుకి పోయింది. ఆవిడ లోపలికెళ్ళాలంటే ముందు "ఏవండోయ్" అని కేకెయ్యాలి.

మెట్ల కమ్మీల సందు నాలుగంగుళాలు మించకూడదని ఎవరో చెప్పారు. మంచి మాటే, తల దూరితేనే కదా ప్రమాదం. కానీ గ్రిల్లు మార్చడం ఖర్చు. కైకలూరు నుంచి, చెరువుల మీద పక్షులు వాలకుండా కట్టే వల తెప్పించి బిగించారు. "ఆటపాక గూడబాతులే దూరలేవు, వీడెంత!"

ఇంత చేసే మనిషి చూపు అసలు చోట పడదు. పెయింటరు పాత తలుపుల ఆకుపచ్చ రంగుని ఎమరీ కాగితంతో పొడిపొడిగా గీకుతుంటాడు. ఆ దుమ్ము కిటికీల మీదా, అటకమీంచి దింపిన ఉయ్యాల మీదా పేరుకుంటుంది. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నియమం మన దేశంలో 2017లో గానీ అమలుకు రాలేదు. అంతకుముందు పూసినదాన్లో ఎంతుందో దేవుడికెరుక. పాకే పిల్లల చేతులకంటి నోట్లోకి పోయేది ఆ దుమ్మే. తడిపి గీకించి, తడిగుడ్డ పెట్టించాలి. తాతగారికి తీరికేదీ? ప్లగ్గు కన్నాలకి ప్లాస్టిక్ బిరడాల కోసం బజారుకెళ్ళారు. ఆ డబ్బేదో, కరెంటు లీకైతే టక్కున ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీకి పెట్టండి మహాప్రభో అని ఎలక్ట్రీషియన్ మొత్తుకుంటున్నాడు.

ఆయన తిరిగొచ్చేసరికి ఇటుకలు మోసే కూలమ్మ ఎదురొచ్చింది. "అయ్యగారూ, ముందా సంపుకి మూతేయించండి. చెక్కముక్క జరిగిపోతంది. మా బుడ్డోడు పొద్దస్తమానం ఈడే ఆడుకుంటన్నాడు."

తాతగారు సంపు వైపు చూశారు, బుడ్డోడి వైపు చూశారు. బిరడాల పొట్లం జేబులో పెట్టేసుకున్నారు. సాయంత్రానికల్లా ఇనప మూత దిగింది, దానికి తాళం. తాళంచెవి ఆయన మొలతాడుకి.

సంక్రాంతికి మనవడు రానే వచ్చాడు. పాకే వయసెప్పుడో దాటిపోయింది. స్టూలు లాక్కుని ఎక్కి, మామ్మగారికి బాత్రూం గొళ్ళెం తీసిపెట్టాడు. ఆ రాత్రే కూతురు ఫోను చేసి, తనకి మూడో నెలని చెప్పింది.

పొద్దున్నే కబురు విన్న మేస్త్రి, సామాను సర్దుకుంటున్నవాడల్లా ఆగాడు.

"అడ్వాన్సేమన్నా ఇస్తారాండీ?"