ఉబ్బసాన్ని పెంచి పోషించడం ఎలా?

తీవ్రమైన ఉబ్బసం ఉన్నా సరే, ఏడాది పొడుగునా మందు పీల్చడం దండగ. ఆకాశం చూసి వాడుకుంటే చాలు. వరంగల్, హనుమకొండ, కాజీపేట వాసుల కోసం కాలాలవారీగా కొన్ని చిట్కాలు.

1. చలికాలం: తెల్లవారుజామున అయిదింటికే భద్రకాళి చెరువు కట్ట మీదికి నడకకు వెళ్లండి. ఆ వేళ చలిగాలి నేలను అంటిపెట్టుకుని ఉంటుంది. చెత్త పొగ, బండ్ల పొగ పైకి పోలేక మీకోసమే కాచుకుంటాయి. ముక్కుకు మఫ్లర్ చుట్టొద్దు. చుడితే చల్లని పొడిగాలి శ్వాసనాళాల తడి లాగేసి వాటిని బిగించేదెలా?

2. మిర్చి కాలం: జనవరి దాటితే ఎనుమాముల మార్కెట్ ఎర్రబడుతుంది. బస్తాలు విప్పి కాయ గుమ్మరించే చోటే నిలబడి కబుర్లు చెప్పండి. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన మన చపాటా మిర్చికి రంగెక్కువ, ఘాటు తక్కువ. కనుక దాని దుమ్మూ సాధువే అనుకోండి.

3. రోహిణి కార్తె: ఇన్‌హేలర్‌ను స్కూటర్ డిక్కీలో పెట్టి, బండిని ఎండలో వదిలేయండి. 30 డిగ్రీలు దాటనివ్వొద్దని డబ్బా మీద రాసి ఉంటుంది. డబ్బాలు చదవడానికి కావు.

4. మృగశిర: నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో కొర్రమీను పిల్లతో చేప ప్రసాదం మింగి రాగానే ఇన్‌హేలర్లన్నీ పారేయండి.

5. గాలివాన: ఉరుము వినగానే కిటికీలు బార్లా తెరవండి. 2016 నవంబర్ 21న మెల్‌బోర్న్‌లో గాలివానకు గడ్డి పుప్పొడి పగిలి, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి దిగి వేలమంది ఆస్పత్రుల పాలయ్యారు, పదిమంది చనిపోయారు. అది పరాయి దేశపు గడ్డి. మన ఖాళీ ప్లాట్లలో పూసే వయ్యారిభామ ఇంటి పిల్ల, ఏమీ చేయదు.

6. ముసురు: 2023 జూలై వరదల్లాంటివి వచ్చి ఇల్లు నానితే, గోడకు పట్టిన నల్ల బూజును కడగొద్దు, ఆరనివ్వొద్దు. దాని మీదే రంగు వేయించండి. తడి బట్టలు మంచం పక్కనే దండెం కట్టి ఆరేయండి.

7. అన్ని కాలాలకూ: రోజూ పీల్చమన్న స్టెరాయిడ్ ఇన్‌హేలర్ లోపలి వాపు తగ్గించి, ఆయాసం రాకుండా కాస్తుంది. కాబట్టి పిల్లికూతలు తగ్గిన మర్నాడే మానేయండి, అలవాటైపోతుంది! అప్పటికప్పుడు ఉపశమనమిచ్చే నీలం రంగుదాన్ని మాత్రం చాయ్ తాగినట్టు లెక్కలేకుండా వాడండి.

8. అర్ధరాత్రి: దమ్మెక్కి రెండు మాటలు కలిపి చెప్పలేకపోయినా, పెదాలు నీలంగా మారినా 108కు ఫోన్ చేయొద్దు. "మబ్బు పట్టిందే అవ్వా, వాన వెలిస్తే తగ్గుతది. పొద్దుగాల చూద్దాం" అని ఓదార్చండి. ఏం జరిగినా నేరం మబ్బు మీదికి తోసేయొచ్చు. అది సాక్ష్యం చెప్పడానికి రాదు.