అసలు కన్నా కొసరు బరువు

మా వైపు బేరం కుదిరాక అసలు బేరం మొదలవుతుంది. రేవులో కుప్ప పోసిన చేపలకు రేటు తెగుతుంది, డబ్బులు చేతులు మారతాయి, సంచి నోరు తెరుచుకుంటుంది. అప్పుడు కొన్నామె కదలకుండా నిలబడి, "కొసరేదీ?" అంటుంది. అమ్మినామె అంతసేపూ ఆ మాట కోసమే కూర్చున్నట్టు విసుక్కుంటూ రెండు నెత్తళ్ళు విసురుతుంది. ఆ రెండూ పడకపోతే సంచిలో ఉన్నది కొన్న సరుకు కాదు, మోసపోయిన సరుకు.

ఈ ధర్మం తెలియని వస్తువు లోకంలో ఒకటే ఉంది. పోస్టాఫీసు తూకం మిషన్.

మాది నెల్లూరు నుంచి మైపాడు పోయే దోవలో ఒక ఊరు. ఎటు చూసినా రొయ్యల గుంటలు, మధ్యలో కొబ్బరి చెట్లు, వాటి మధ్య మా ఇల్లు. మా అత్త చేసే రొయ్యపొడి బంధువుల్లో పేరు మోసింది. ఎండ్రొయ్యలు దోరగా వేయించి, ఎండుమిరపకాయలు, ధనియాలు, జీలకర్ర, తెల్లగడ్డలు కలిపి రోట్లోనే దంచుతుంది. మిక్సీలో వేస్తే పొడి అవుతుంది గాని రొయ్యపొడి కాదని ఆమె సిద్ధాంతం. పెళ్ళిళ్ళకు వచ్చినవాళ్ళంతా డబ్బాల్లో పట్టుకుపోతుంటే, ఊరికే ఇచ్చేదేదో అమ్ముదాం అని ఫోన్లో ఒక పేజీ తెరిచాను. అత్త సరుకు, నేను రవాణా. నా వాటా తేలికని అప్పట్లో అనుకున్నాను.

మొదటి ఆర్డరు హైదరాబాదు నుంచి వచ్చింది. 400 గ్రాముల ప్యాకెట్టు. సంబరంతో ఒక మంచి అట్టపెట్టె తెచ్చి, ప్యాకెట్టు కదలకుండా చుట్టూ పాత పేపర్లు కుక్కి, నెల్లూరులో ఒక కొరియరు ఆఫీసుకు తీసుకుపోయాను. అక్కడి అబ్బాయి పెట్టెను తూకంలో పెట్టలేదు. దర్జీలాగా టేపు తీశాడు. పొడవు 30 సెంటీమీటర్లు, వెడల్పు 20, ఎత్తు 15. మూడూ గుణించి 5000 తో భాగించాడు.

"కిలో ఎనిమిది వందలక్కా."

"లోపల అర కిలో కూడా లేదు కదయ్యా!"

"మిగతాది గాలక్కా. గాలి కూడా లారీలో చోటు ఆక్రమిస్తది గదా."

ఆయన చెప్పింది నిజమే. పెట్టె పట్టే చోటుకూ ఒక బరువు కట్టి, అసలు బరువు కన్నా అది ఎక్కువైతే దానికే డబ్బు తీసుకోవడం రవాణా లోకంలో ఉన్న పద్ధతే. దూదికీ ఇనుముకీ లారీలో కావలసింది చోటే. కాని ఆ రోజు నేను కస్టమరు దగ్గర తీసుకున్నది 60 రూపాయల డెలివరీ. రొయ్యపొడి మీద వచ్చిన లాభమంతా పోసి మైపాడు సముద్రపు గాలిని హైదరాబాదుకు పంపించాను. తిన్నవాళ్ళు పొడి బాగుందన్నారు. గాలి గురించి ఏమీ చెప్పలేదు.

ఇంటికొచ్చి అత్తకు చెబితే, "పెట్టెందుకు? మీ మామ కాలంలో తెల్లగుడ్డలో పెట్టి కుట్టి, లక్క కరిగించి ముద్రేసి పంపేవాళ్ళం. గుడ్డలో గాలి ఆగుద్దా?" అంది. మహా వ్యాపారవేత్తలు లక్షలు పోసి నేర్చుకునే పాఠం అది. మరుసటి రోజు నుంచి పెట్టెలు పోయి కొరియరు కవర్లు వచ్చాయి.

ఆ తర్వాత మా ఊరి బ్రాంచి పోస్టాఫీసును ఆశ్రయించాం. పోస్టుమాస్టరు పాతికేళ్ళ అమ్మాయి. మా అత్తకు ఆమె "పోస్టు పాప". పోస్టు మీద అత్తకు నమ్మకం ఎక్కువే గాని, అది పాత కాలపు నమ్మకం. పోయిన మొదటి రోజే, "పాపా, రిజిస్టరు చెయ్యి. వట్టి పోస్టులో వద్దు" అంది. రిజిస్టర్డ్ పోస్టు 2025 లో స్పీడ్ పోస్టులో కలిసిపోయిందని పాప నెమ్మదిగా చెప్పింది. అత్త కాసేపు మాట్లాడలేదు. దూరపు చుట్టం పోయిన కబురు ఆలస్యంగా తెలిసినట్టు, "అయ్యో, ఎప్పుడు? మాకు చెప్పనేలేదే" అంది. ఆమె పెళ్ళి సంబంధం ఖాయమైన ఉత్తరం రిజిస్టరు పోస్టులోనే వచ్చిందట. 1986 లో పుట్టిన స్పీడ్ పోస్టు ఆమె లెక్కలో ఇంకా పసిపిల్ల.

గోడ మీద రేట్ల కాగితం ఉంది. 2025 అక్టోబరు 1 నుంచి కాగితాల స్పీడ్ పోస్టు 50 గ్రాముల లోపైతే ఊళ్ళో 19 రూపాయలు, ఊరు దాటితే దేశంలో ఏ మూలకైనా 47. పైన జీఎస్టీ. అత్తకు కళ్ళద్దాలు లేకపోయినా 47 కనిపించింది.

"ఇదేదో బాగుండాదే. దీన్లో పంపు."

"అది కాగితాలకవ్వా. మీది సరుకు, పార్సిలు."

"పొడిని కాగితంలోనే గదా పొట్లం కట్టేది?"

తపాలా శాఖ ఇన్నేళ్ళ చరిత్రలో ఈ వాదన ఎవరూ తెచ్చి ఉండరు. పాప నవ్వాపుకోలేక ముద్ర తిరగేసి కొట్టింది.

సరే, పార్సిలు. పార్సిలు చార్జీ మెట్లు మెట్లుగా ఎక్కుతుంది. 500 గ్రాములు ఒక మెట్టు. ఒక్క గ్రాము దాటినా పై మెట్టు డబ్బు కట్టాల్సిందే. ఇంట్లో నేను తూచిందేమో పొడి 400, కవరూ టేపూ కలిపి 45. హాయిగా తెచ్చి పెట్టాను. మిషన్ 506 చూపించింది.

అత్త వైపు చూశాను. ఆమె రోడ్డు మీద పోతున్న ఆవును చూస్తోంది. ప్యాకెట్టు మూట కట్టే ముందు నేను టేపు కోసం లోపలికి పోయిన ఆ అర నిమిషంలో పిడికెడు పడింది. కొసరు.

"పాపా, ఆరు గ్రాములే గదా. కొసరు కింద ఏసుకో."

"నేనేసుకుంటానవ్వా. మిషన్ ఏసుకోదు."

ఇద్దరం బల్ల మీద కవరు విప్పాం. పోస్టాఫీసంతా రొయ్యపొడి ఘుమఘుమ. పెన్షను కోసం వచ్చిన పెద్దాయన ఒకరు ఇంటికి పోయి అన్నం తినొస్తానని లేచారు. రెండు చెంచాల పొడి తీసి పాపకే పెట్టి, కవరు మళ్ళీ అతికించాం. ఇంటికి పోయే దోవంతా నేను అత్తకు మెట్ల లెక్క చెప్పాను. 446 అయినా, 499 అయినా ఒకటే రేటు, దాటకుండా చూసుకుంటే చాలు అన్నాను. అది నేను చేసిన తప్పు.

అత్త ఆలోచించి, "అంటే బస్సులో సీటు మాదిరి. ఒంటిగా కూచున్నా, బిడ్డను ఒళ్ళో ఏసుకోని కూచున్నా టికెట్టొకటే" అంది.

"అంతే అత్తా."

"మరి 446 లో పంపితే యాభై గ్రాముల చోటు వట్టిగా పోలా? డబ్బులు కట్టినాం గదా?"

అప్పటి నుంచి మా ఇంట్లో ప్రతి ప్యాకెట్టూ 498. తూకంలో మిగిలిన చోటు దండగ పోవడం ఆమెకు మంచినీళ్ళు పారబోసినట్టు. పొడి వేయలేనప్పుడు ఎండిన కరివేపాకు వేస్తుంది. ఒకసారి రెండు గ్రాముల చోటు మిగిలితే ఒక రొయ్యను ముక్క చేసి వేసింది. లాభం లెక్క అడగబోతే, "పోస్టోళ్ళిచ్చే కొసరు మనం మింగుతామా? కొన్నోళ్ళది" అంది.

చవక దారి ఏదని అడిగేవాళ్ళకు నేను మెట్ల కన్నా ముందు పంచాంగం చూడమంటాను. ఒకాయన దసరా వెళ్ళగానే, సరుకు చేతికి అందాక డబ్బులు ఇస్తానని ఆర్డరు పెట్టాడు. ఈ ఏర్పాటు కొత్తదేమీ కాదు. వీపీపీ పేరుతో 1877 నుంచీ మన తపాలాలో ఉంది, మన తాతలు పుస్తకాలూ మందులూ అలాగే తెప్పించుకున్నారు. పొడి దంచి, ఎండబెట్టి, కాస్త చవగ్గా పోతుందని నిదానపు దారిలో పంపాను. పార్సిలు చేరేసరికి కార్తీకం వచ్చింది. "మేం ఈ నెల నీసు ముట్టమండీ" అని ఆయన తలుపు కూడా తీయలేదు. పోను డబ్బులూ, రాను డబ్బులూ మావే. రొయ్యపొడి శివుడి వల్ల తిరిగొచ్చిందని అత్త ఆయన్ని ఏమీ అనలేదు. నేనే రెండు రోజులు శివుడితో మాట్లాడలేదు.

బస్సు పార్సిలు గురించి కూడా చెప్పాలి. నెల్లూరు బస్టాండులో ఆర్టీసీ కార్గోకు వేస్తే పెద్ద మూటలు చవగ్గా పోతాయి. నేను పంపినప్పుడల్లా అటువైపు మనిషే బస్టాండుకు పోయి తెచ్చుకున్నాడు. రొయ్యపొడి కోసం రాత్రి ట్రాఫిక్కులో అంత దూరం పోయేవాడు కస్టమరు కాదు, చుట్టం.

అమెరికా కథ అమెరికాదే. 2025 ఆగస్టులో అక్కడ మన సరుకు మీద 50 శాతం సుంకం పడిందని మా గుంటల రైతులు తలలు పట్టుకున్నారు. ఆ నెలలోనే అక్కడికి సరుకుల తపాలా చాలావరకు ఆగింది. అక్టోబరు 15 న మళ్ళీ తెరుచుకుంది, సుంకం ఇక్కడే ముందుగా కట్టే షరతుతో. డల్లాస్‌లో ఉన్న మా ఆడబిడ్డకు పొడి పంపుదామా అంటే అత్త సుంకం లెక్క విని, "దాన్నే రమ్మను. టికెట్టు చవక" అంది.

పోస్టులో నాకు నచ్చింది ఒకటుంది. నెల్లూరు పిన్‌కోడ్ 524 తో మొదలవుతుందని నాకు తెలుసు గాని, ఆ అంకెల విలువ ఆర్డర్లు మొదలయ్యాకే తెలిసింది. పాడేరు కొండల్లోని ఒక టీచరమ్మకు పంపబోతే రెండు కొరియర్లు ఆ పిన్‌కోడ్‌కు సర్వీసు లేదన్నాయి. పోస్టు పాప ఏమీ అనకుండా తూచింది. ఐదో రోజు టీచరమ్మ ఫోటో పంపింది, కంచంలో వేడన్నం, పక్కన మా పొడి.

మొన్న కరీంనగర్ నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. చాలా పద్ధతైన మనిషి.

"మేడం, ప్యాకెట్ మీద 400 అని ఉంది. మేం తూస్తే 450 వచ్చింది. పొరపాటున ఎక్కువేసినట్టున్నారు. ఆ యాభై గ్రాముల డబ్బులు పంపమంటారా?"

అత్త నా చేతిలోంచి ఫోను లాక్కుంది.

"కొసరుకు డబ్బులిస్తావా అబ్బయ్యా? మీ ఊళ్ళో ఇయ్యరా కొసరు?"

అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత ఆయన నవ్వి, "అయితే ఇంకో రెండు ప్యాకెట్లు పంపండమ్మా" అన్నాడు.

రెండు ప్యాకెట్లు, రెండు కొసర్లు, ఒకే కవరు. కిలోకు ఒక మెట్టు ఉంది కాబట్టి ఆ లోపు ఉంటే చాలు. ఇంట్లో తూచాను. 1,012.

పొడిలోంచి తీయనియ్యదని తెలుసు. నేను కవరు అంచులు కత్తిరించడం మొదలుపెట్టాను. అత్త పక్కన కూర్చొని, నేనతికించిన రెండో వరస టేపును గోటితో మెల్లగా పీకుతోంది.