మూల మారింది మనం కాదు

అమెరికాలో అయోవా అని ఒక రాష్ట్రం. జనాభా 32 లక్షల చిల్లర. 2011 లెక్కల్లో మన ఉమ్మడి వరంగల్ జిల్లా జనాభా 35 లక్షలు. అంటే ఆ రాష్ట్రాన్ని మొత్తం తెచ్చి పోసినా మన పాత జిల్లాకు తక్కువే పడుతుంది. మనుషులకంటే పందులు ఎక్కువ, రెండు కోట్ల పైమాటే. మొక్కజొన్నలో ఆ దేశానికి ఫస్టు. ఇన్ని ఘనతలున్నా పెద్దలెవరూ అటు తొంగి చూసిన పాపాన పోయేవాళ్లు కాదు. 1972లో ప్రెసిడెంటు పదవికి పార్టీ అభ్యర్థిని తేల్చే తంతు అక్కడే ముందుగా మొదలయ్యేసరికి అయోవా రైతు దశ తిరిగింది. అప్పటినుంచి నాలుగేళ్లకోసారి, ఏడాది ముందే, వైట్‌హౌస్ మీద కన్నున్న ప్రతివాడూ వచ్చి ఆయన గడ్డివాము పక్కన కూర్చుంటున్నాడు.

ఉత్తగా కూర్చుంటే చాలదు. ఆగస్టు జాతరలో పుల్లకు గుచ్చిన పందిమాంసం ముక్క కెమెరాల ముందు కొరకాలి. వెన్నతో చేసిన ఆవును చూసి నోరు వెళ్లబెట్టాలి. మొక్కజొన్న నుంచి తీసే ఇథనాల్ మీద ప్రేమ ఒలకబోయాలి. (2016లో టెడ్ క్రూజ్ పెట్రోల్‌లో ఇథనాల్ కలపాలన్న నిబంధనకు అడ్డం తిరిగి కూడా అక్కడ గెలిచాడు. కాబట్టి అక్కడి రైతు మరీ అంత సులువుగా పడడు.) ఓపిక ఉన్నవాడు 99 కౌంటీలూ తిరగాలి. మొన్న 2024లో వివేక్ రామస్వామి ఆ 99నీ రెండేసి సార్లు చుట్టేశాడు. జనవరి 15 రాత్రి లెక్క తేలితే ఎనిమిది శాతం కూడా రాలేదు. ఆయనకంటే చాలా తక్కువ తిరిగిన ట్రంప్‌కు 51 శాతం. రామస్వామి ఆ రాత్రే పోటీ నుంచి తప్పుకొని ట్రంప్‌కు జై కొట్టాడు. ప్రదక్షిణలతో వరాలు రావని మన భద్రకాళి గుడి దగ్గర ఎవరినడిగినా చెప్పేవాళ్లు.

మన దగ్గరికి మాత్రం రావడం లేదా? వస్తున్నారు. 2022 మే 6న రాహుల్ గాంధీ హనుమకొండ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కు వచ్చి రైతు డిక్లరేషన్ ఇచ్చిపోయాడు. 2023 జులై 8న ప్రధాని మోదీ భద్రకాళి దర్శనం చేసుకొని అదే గ్రౌండ్‌లో మాట్లాడి పోయాడు. 2025 ఏప్రిల్ 27న బీఆర్ఎస్ పాతికేళ్ల పండుగను ఎల్కతుర్తిలో చేసుకుంది. శంఖం ఎవరు ఊదినా ఓరుగల్లులోనే ఊదుతారు. కానీ హెలిప్యాడ్ నుంచి స్టేజీ, స్టేజీ నుంచి హెలిప్యాడ్. ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాల నడుమ ఓ పూట కూర్చొని, ఘాటుకు తుమ్ముతూ, మా చపాటా మిర్చికి భౌగోళిక గుర్తింపు వచ్చింది సరే, ధర ఎప్పుడు వస్తుందని అడిగే రైతుకు జవాబు చెప్పినవాణ్ని చూడాలని ఉంది. సర్వపిండి కొరుకుతూ ఫొటో దిగమంటే దిగుతారు, అందులో అనుమానం లేదు.

అసలు చోద్యం ఆ ఎన్నిక తీరులో ఉంది. 2020లో డెమోక్రాట్లు చేసింది చూడండి. చలికాలం రాత్రి, ఊరి బడిలో బాస్కెట్‌బాల్ ఆడుకునే హాలు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో మూల. ఎవరికి నచ్చిన మూలలో వాళ్లు వెళ్లి నిలబడాలి, అందరూ చూస్తుండగా. పక్కింటాయన ఎటున్నాడో, చర్చిలో కలిసే అవ్వ ఎటుందో కనిపిస్తూనే ఉంటుంది. తలలు లెక్కపెడతారు. మామూలుగా ఒక మూలలో నూటికి పదిహేను మంది లేకపోతే ఆ మూల రద్దు. అక్కడివాళ్లంతా ఇంకో మూలకు పోవచ్చు. ఇక చూడాలి బతిమాలడం. "మా వైపు రా, మా వైపు రా" అని చేతులు పట్టుకొని లాగడం, బిస్కెట్ల డబ్బా చూపించడం. మొత్తానికి లెక్క సమానమైతే నాణెం ఎగరేస్తారు. ప్రపంచాన్ని ఏలేవాణ్ని ఎంచే పనిలో బొమ్మా బొరుసూ! ఆ ఏడాది లెక్కలు పంపడానికి కొత్త యాప్ ఒకటి పెట్టారు. అది మొరాయించి, గెలిచిందెవరో రోజుల తరబడి తేలలేదు. 2012లో రిపబ్లికన్లది ఇంకో కథ. ఆ రాత్రి మిట్ రోమ్నీ 8 ఓట్లతో గెలిచాడన్నారు, రెండు వారాలకు కాదు కాదు, రిక్ శాంటోరమ్‌కే 34 ఎక్కువ వచ్చాయన్నారు. 1976లో డెమోక్రాట్లలోనైతే "ఎవరికీ కాదు" అన్నవాళ్లే అందరికంటే ఎక్కువ. మన లెక్కన నోటా ఫస్టు, జిమ్మీ కార్టర్ సెకండు. పత్రికలు మాత్రం కార్టర్ గెలిచాడని రాశాయి, ఆయన నిజంగానే వైట్‌హౌస్ చేరాడు.

ఇదంతా చదివి అమెరికావాడు వెనకబడ్డాడని నవ్వుకునేముందు మన హాలు కూడా ఒకసారి చూద్దాం. తేడా ఒక్కటే. అక్కడ అభ్యర్థి తన మూలలో ఉండేవాడు, జనం మూలలు మారేవాళ్లు. ఇక్కడ జనం ఉన్నచోటే ఉంటారు, అభ్యర్థులు మారతారు.

2024 మార్చి నెల. వరంగల్ పార్లమెంటు సీటు. నెల మొదట్లో సిట్టింగ్ ఎంపీ పసునూరి దయాకర్‌ది బీఆర్ఎస్ గులాబీ మూల. వర్ధన్నపేట మాజీ ఎమ్మెల్యే ఆరూరి రమేశ్‌దీ గులాబీ మూలే. స్టేషన్ ఘన్‌పూర్ ఎమ్మెల్యే కడియం శ్రీహరి, ఆయన బిడ్డ కావ్య అక్కడే. హనుమకొండ జెడ్పీ చైర్మన్ సుధీర్ కుమార్ అక్కడే. మూల కిక్కిరిసి ఊపిరాడక పోయిందేమో, మార్చి 13న కదలిక మొదలైంది. ఆరూరి హనుమకొండ ఇంట్లో ప్రెస్‌మీట్ పెట్టి గులాబీ వదిలేస్తానని చెప్పబోయే వేళకు, పాత మంత్రి ఎర్రబెల్లి దయాకర్‌రావు బలగంతో వచ్చి కారెక్కించుకొని హైదరాబాద్ తీసుకుపోయారు. దారిలో జనగామ దగ్గర కమలం వాళ్లు బండికి అడ్డం పడ్డారు. అయోవాలో చేతులు పట్టుకొని లాగేవాళ్లని ఇందాక చెప్పానే, అది చిన్నపిల్లల ఆట. మేం జాతీయ రహదారి మీద లాగుతాం. సాయంత్రానికి ఆరూరి కేసీఆర్ దగ్గర కూర్చొని వచ్చి, తననెవరూ ఎత్తుకుపోలేదని, పార్టీ మారడం లేదని చెప్పాడు. నాలుగు రోజుల్లో కాషాయ కండువా పడింది, ఆ వెంటనే టికెట్టూ వచ్చింది.

అదే 13న గులాబీ టికెట్ కావ్యకు ఇచ్చారు. ఆ వారంలోనే సిట్టింగ్ ఎంపీ దయాకర్ కాంగ్రెస్ మూలకు నడిచాడు. పక్షం రోజులకు, మార్చి 28న, కావ్య తనకీ టికెట్ వద్దని కేసీఆర్‌కు లేఖ రాసింది. నెలాఖరుకు తండ్రీబిడ్డలిద్దరూ కాంగ్రెస్ మూలలో. ఏప్రిల్ 1న కాంగ్రెస్ టికెట్ ఆమెకే. తారీఖు చూసి నమ్మనివాళ్లు మర్నాడు పేపర్లో చూసి నమ్మారు. ఖాళీ అయిన గులాబీ మూలలో మిగిలిన సుధీర్ కుమార్‌కు ఏప్రిల్ రెండో వారంలో పిలుపొచ్చింది. మే 13న మిషన్ ముందు నిలబడ్డ ఓటరుకు ముగ్గురు పెద్ద అభ్యర్థులు కనిపించారు. మూడు పార్టీలు, మూడు గుర్తులు, ఫిబ్రవరిలో చూస్తే ముగ్గురిదీ ఒకే కండువా. దీన్ని పోటీ అంటారో, కుటుంబ సమేత ఫొటో అంటారో ఎన్నికల సంఘమే చెప్పాలి.

కావ్య 2 లక్షల 20 వేల పైచిలుకు ఆధిక్యంతో గెలిచింది. రెండోది కమలం, మూడోది కారు. 2019లో అదే కారుకు ఇక్కడ మూడున్నర లక్షల మెజారిటీ. కాబట్టి ఓటరు కదలలేదనలేం. బాగానే కదిలాడు, ఒంటరిగా, అట్ట పెట్టె చాటున. కానీ అప్పటికే ఎవరు ఏ గుర్తు కింద ఉండాలో పైవాళ్లు తేల్చేశారు.

రెండో ప్రాధాన్యం అనే అయోవా మార్కు సరుకు మన దగ్గరా లేకపోలేదు. వరంగల్–ఖమ్మం–నల్లగొండ పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక ఉంది కదా. 2021లో 71 మంది అభ్యర్థులు. బ్యాలెట్ పేపర్ విప్పితే అన్నం తినడానికి కింద పరుచుకోవచ్చు. మొదటి ప్రాధాన్యంతో ఎవరూ గట్టెక్కక, కింది నుంచి ఒక్కొక్కణ్ని తీసేస్తూ, వాడి ఓట్లలో రెండో అంకె ఎవరికుందో చూస్తూ, నల్లగొండలో రోజుల తరబడి పగలూ రాత్రీ లెక్కపెట్టారు. పల్లా రాజేశ్వర్ రెడ్డి గెలిచాడు, తీన్మార్ మల్లన్న ఓడాడు. 2024 ఉప ఎన్నికలో 52 మంది, మళ్లీ అదే తంతు. ఈసారి మల్లన్న గెలిచాడు. అయోవాలో యాప్ తప్పింది, ఇక్కడ పట్టభద్రులే తప్పారు. 2021లో 20 వేలకు పైగా ఓట్లు చెల్లలేదు. పేరు ఎదుట 1 అని అంకె వేయాలి, అంతే. ఒకరు టిక్కు కొడతారు, ఒకరు ఇద్దరికీ 1 వేస్తారు, ఒకరు సంతకం పెడతారు. డిగ్రీ పట్టా చూపిస్తేనే ఓటరుగా నమోదు చేసే ఎన్నికలో ఇది జరిగింది. ఇంటర్ తప్పినవాళ్లు ఇప్పటికీ ఆ సంగతి తలచుకొని సంతోషపడుతుంటారు.

సరే, అసలు టికెట్ సంగతి. అయోవాలో పార్టీ అభ్యర్థిని పార్టీ జనం ఎంచుతారు. 2024లో ఒళ్లు కొరికే మైనస్ చలిలో లక్షా పదివేల మంది రిపబ్లికన్లు ఆ పనికి ఇళ్లు దాటి వచ్చారు. మన దగ్గర 2023 ఆగస్టులో కాంగ్రెస్ పార్టీ అసెంబ్లీ టికెట్లకు దరఖాస్తులు పిలిచింది. ఫీజు 50 వేలు, ఎస్సీ, ఎస్టీలకు 25 వేలు. 119 సీట్లకు వెయ్యికి పైగా వచ్చాయి. ఆ తర్వాత వడపోత కమిటీ, ఆ తర్వాత ఢిల్లీ. ఎంచిందెవరంటే సర్వే అంటారు. ఆ సర్వే మనిషి ఎవరి గడప తొక్కాడో, ఎవరి ఫోను మోగించాడో దేవుడికెరుక. టికెట్ రానివాడికి "సర్వేలో నీ పేరు రాలే" అని చెబుతారు. వచ్చినవాడికి ఏమీ చెప్పరు, బీ ఫారం ఇస్తారు.

పార్టీ అధ్యక్షుల ఎన్నికలు కూడా ముచ్చటగానే జరుగుతాయి. 2022 అక్టోబరులో కాంగ్రెస్‌లో ఓట్లు పడ్డాయి, ఒప్పుకోవాలి. ఖర్గేకు 7,897, థరూర్‌కు 1,072. ఇంత పెద్ద దేశంలో, ఇంత పాత పార్టీలో ఓటేసింది తొమ్మిదిన్నర వేల లోపే. అయినా అదే నయం. 2021 అక్టోబరు ప్లీనరీలో గులాబీ పార్టీ తన అధ్యక్షుణ్ని ఏకగ్రీవంగా ఎన్నుకుంది, తొమ్మిదోసారి. 2025లో రాష్ట్ర కమలానికి కొత్త అధ్యక్షుడొచ్చాడు, ఆయనా ఏకగ్రీవమే. నామినేషన్ వేస్తానని బయల్దేరిన గోషామహల్ ఎమ్మెల్యే రాజాసింగ్, తనను వేయనివ్వలేదంటూ పార్టీకే రాజీనామా చేశాడు. ఏకగ్రీవం కోసం ఒకరిద్దరు బయటికి పోవాల్సి వస్తే పోవాలి మరి.

హనుమకొండలో ఏ వీధిలో చూసినా అమెరికాలో బిడ్డ ఉన్న ఇల్లు ఒకటి ఉంటుంది. నాకు తెలిసిన ఒక రిటైర్డ్ లెక్చరర్ కొడుకు అయోవా రాజధాని డెమాయిన్‌లో, ఓ బీమా కంపెనీ కంప్యూటర్ల దగ్గర పని చేస్తాడు. హెచ్1బీ. గ్రీన్‌కార్డు వరసలో ఎక్కడున్నాడో లెక్కపెట్టడం మానేశాడు. ఎన్నికల చలికాలం ఎలా ఉంటుందో ఫోన్లో తండ్రికి చెప్తుంటే పక్కనున్నాను.

"తలుపు కొట్టిండ్రు బాపూ. మా నాయకుని గురించి అయిదు నిమిషాలు వింటరా అని అడిగిండ్రు."

"నువ్వేమన్నవ్ బిడ్డా?"

"నాకు ఓటు లేదన్న. అయినా విన్నందుకు థాంక్స్ చెప్పి పోయిండ్రు."

లెక్చరర్ గారు ఫోన్ పెట్టేసి చాలాసేపు అదే మాట తిరగేశారు. ఆయనకు ఓటు ఉంది, ఒక్కటి కూడా పోగొట్టుకోలేదు. ఇన్నేళ్లలో తలుపు కొట్టినవాళ్లూ ఉన్నారు. ఓటరు చీటీ ఇచ్చేవాళ్లు, ఇంట్లో ఎన్ని ఓట్లని అడిగేవాళ్లు. అయిదు నిమిషాలు వింటారా అని అడిగిన పార్టీ మాత్రం లేదట.

మరి మన దగ్గరా మూలల పద్ధతి పెడితే? ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్ ఎలాగూ ఉంది. చలి లేదు, మంచు లేదు. సుబేదారిలో మేం కూర్చునే హోటల్ కాక దగ్గర ఈ ప్రతిపాదన పెట్టాను. టీ వడపోస్తూ అంతా విని ఒక్క ప్రశ్న వేశాడు.

"అందరి ముందటనే నిలబడాల్నా?"

"అవును కాకా, అందరి ముందరే."

"అయితే కవరిచ్చినోడు గూడ చూస్తడు గద. ఇప్పుడంటే ముగ్గురి దగ్గర తీసుకొని లోపటికి పోయి మనకు నచ్చినోనికి గుద్దుతున్నం. గా మూలల పొంటి నిలబెడితే మా మీద తలకాయల లెక్క తీస్తరు."

దీనికి నా దగ్గర జవాబు లేదు. 2021లో హుజూరాబాద్ ఉప ఎన్నికప్పుడు, పక్క వాడకు అందిన కవర్లు తమకు అందలేదని జనం రోడ్డెక్కిన ప్రాంతం మాది. ఆ నియోజకవర్గంలోని కమలాపూర్ మండలం మా హనుమకొండ జిల్లాలోదే. ఇచ్చినవాడికీ, పుచ్చుకున్నవాడికీ మధ్య ఉన్న ఒకే ఒక్క చాటు ఆ అట్ట పెట్టె. అది కూడా తీసేస్తే అయోవాలో నడిచిన ముచ్చట ఇక్కడ వేలంపాట అవుతుంది. అంతెందుకు, అమెరికాలో డెమోక్రాట్లే 2020 గందరగోళం తర్వాత ఆ రాష్ట్రాన్ని వరసలో ముందు నుంచి తప్పించి, 2024లో సౌత్ కరోలినాను ముందు నిలిపారు.

కాక గ్లాసులు సర్దుతూ ఇంకొంచెం ఆలోచించాడు.

"పెట్టుండ్రి పటేలా, నేను వద్దంటలేను. కాకపోతే మూలలల్ల మమ్ముల గాదు, గా లీడర్లను నిలబెట్టుండ్రి. ఎవని మూల వానికి. అయిదేండ్లు కదలకుండ గేటుకు తాళమేసి, చెవి తెచ్చి నాకియ్యుండ్రి. పొద్దుగాల, పొద్దుమీకి చాయ్ నేనే పంపిస్త, పైసలు గూడ అడగ."