తేనెటీగ చెడగొట్టిన ముహూర్తం

గ్రహాంతరవాసులు భూమ్మీద దిగారా లేదా అన్నది పెద్ద ప్రశ్నే. కానీ 1993 సెప్టెంబరులో అమెరికా టీవీలో ‘ది ఎక్స్ ఫైల్స్’ మొదలైన కొన్నాళ్లకే ఆ ప్రశ్న అటకెక్కింది. ఎఫ్‌బీఐ నేలమాళిగలో కూర్చునే మల్డర్, స్కల్లీ ఒకటవుతారా అవరా అన్నదే జనానికి తిండీ నిద్రా అయింది. కింద పెళ్లి విస్తళ్లు కనబడుతుంటే ఆకాశంలో ఎగిరే పళ్లేలు ఎవరిక్కావాలి?

అభిమానులంతా పెళ్లిళ్ల పేరయ్యలయ్యారు. మన పేరయ్య నయం, కనీసం జాతకాలడుగుతాడు. వీళ్లకు ఒక్క చూపు చాలు. ఆమె వైపు తల తిప్పాడా, సంబంధం ఖాయం. తిప్పలేదా, మనసులో ఉంది కాబట్టే దాచుకుంటున్నాడు, మరీ ఖాయం. నడుం వెనక చెయ్యి ఆనించి గుమ్మం దాటించాడా, ఇక లగ్నపత్రిక రాయించడమే తరువాయి. ‘రిలేషన్‌షిప్’ అన్న మాట తల నరికి, మొండేనికి ‘షిప్పర్లు’ అని పేరు పెట్టుకున్నారు. ఇవాళ ఏ సీరియల్లో ఏ ఇద్దర్ని జతకట్టినా వాడే ‘షిప్పింగ్’ అనే ఓడ ఈ రేవులోంచి బయల్దేరిందే.

పుల్ల పెట్టేవాళ్లు లేని పెళ్లి ఎక్కడుంది? ‘నో రొమాన్స్’ను కుదించి ‘నోరోమో’లని ఇంకో దండు లేచింది. వాళ్లిద్దరూ తోటి ఉద్యోగులు, ప్రాణస్నేహితులు, అంతకుమించి ఒక్క అంగుళం జరిగినా సీరియల్ చస్తుందని వీళ్ల గోల. మల్డర్ గదిలో ఎగిరే పళ్లెం బొమ్మ కింద ‘నమ్మాలనుంది’ అని ఇంగ్లీషులో రాసిన పోస్టరు ఉంటుంది. షిప్పర్లది ఆ పోస్టరు మతం. నోరోమోలది రుజువు చూపమనే స్కల్లీ మతం. లోపల నటులు జీతం పుచ్చుకుని ఆడే తగాదా బయట వీళ్లు ఉచితంగా ఆడారు.

మచ్చుకి 1994లో వచ్చిన ‘టూమ్స్’ భాగం చూడండి. రాత్రి. కారులో మల్డర్ ఒక్కడే కాపలా కాస్తున్నాడు. స్కల్లీ తినడానికేదో సంచిలో పట్టుకొచ్చి పక్కన కూర్చుంది. అతన్ని ‘ఫాక్స్’ అని అసలు పేరుతో పిలిచింది. అతను నవ్వేసి, మా అమ్మానాన్నల చేత కూడా మల్డర్ అనే పిలిపించుకున్నానన్నాడు. నీకోసం తప్ప ఇంకెవరికోసమూ ఇంత తెగించనని ఆమె అంది. సంచిలో ఐస్ టీ ఉంటే అది ప్రేమే కావచ్చన్నాడతను. ఆమె తీసింది రూట్ బీరు. షిప్పర్లు ప్రేమన్న మాట పట్టుకున్నారు, నోరోమోలు రూట్ బీరు పట్టుకున్నారు.

చిక్కంతా వరుడి తండ్రి దగ్గరుంది. సీరియల్ సృష్టికర్త క్రిస్ కార్టర్‌కి ఈ ఇద్దరికీ ప్రేమ అంటగట్టడం మొదట్నుంచీ ఇష్టం లేదు. సరే, ఊరుకోవచ్చుగా? ఊరుకుంటే గిరాకీ పోతుంది. అందుకని అవుననకుండా, కాదనకుండా, పెళ్లిచూపులు మాత్రం ఏర్పాటు చేస్తూ వచ్చాడు. 1997లో ‘స్మాల్ పొటేటోస్’ భాగంలో మల్డర్ వైన్ సీసాతో స్కల్లీ ఇంటికొచ్చి, సోఫా మీద ముద్దుకి ఒరిగాడు. సరిగ్గా అప్పుడే తలుపు బద్దలుకొట్టుకుని అసలు మల్డర్ ఊడిపడ్డాడు. సోఫా మీదున్నవాడు ఏ ముఖం కావాలంటే అది తగిలించుకోగల ఘనుడు.

మరుసటేడు సినిమా. మల్డర్ ఇంటి బయట నడవా. స్కల్లీకి బదిలీ, ఉద్యోగం వదిలేస్తానంటోంది. అతను ఆపాడు. ఆమె ముఖం రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ముక్కూ ముక్కూ తగిలేంత దగ్గరగా వచ్చారు. హాలంతా ఊపిరి బిగబట్టింది. ఆమె కాలరు కింద దాక్కున్న తేనెటీగ కుట్టింది! ఆ ముద్దు కోసం టికెట్టు కొన్నవాణ్ణి అంటార్కిటికా దాకా తీసుకెళ్లారు గానీ ముద్దు దగ్గరికి తీసుకెళ్లలేదు. విస్తరి వేసి, నీళ్లు చల్లించి, వడ్డించకుండా లేపడమంటే ఇదే.

ముద్దు 1999 నవంబరు 28న ప్రసారమైన ‘మిలీనియం’లో దొరికింది, అదీ ఆస్పత్రి టీవీలో కొత్త సంవత్సరం మోగుతుంటే. అది పండగ ముద్దేలెమ్మని నోరోమోలకు సాకు దొరికింది. 2001లో బిడ్డ పుట్టాడు. ఇంకేం, పేరయ్యలు గెలిచారు, తాంబూలాలు పుచ్చుకుని ఇళ్లకు వెళ్లారు. పదహారేళ్లు దాటాక, 2018 జనవరిలో, వరుడి తండ్రి మళ్లీ లేచాడు. ఆ బిడ్డకు కారకుడు మల్డర్ కాదట, గ్రహాంతర విజ్ఞానం వాడి స్కల్లీకి తెలియకుండా ఆ పని చేసినవాడు సిగరెట్లు కాల్చే ముసలి విలనట. కథ రాసి, దర్శకత్వం వహించింది కార్టరే.

ఒక్క చూపులోంచి సంసారం పుట్టించారని అభిమానుల్ని ఎంతైనా వెక్కిరించండి, నేనూ వెక్కిరించాను. కానీ ఆ ఇద్దరు మనుషుల మధ్య ఏముందో ఇంటి పెద్ద కంటే వాళ్లే శ్రద్ధగా చదివారు. పాతికేళ్లలో 218 భాగాలు, రెండు సినిమాలు అయ్యాక రెండు పక్షాలూ తగాదా లేకుండా ఒప్పుకోగలిగింది ఒక్కటే మిగిలింది: ఆ సంచిలో ఉన్నది రూట్ బీరు.