లేని సంచిక: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

పాత చందమామ పదివేలు దాచినా
లేని సంచికొకటి లేపు నిద్ర
అట్ట చినుగకున్న నప్పుచేసైనను
కొనక తీరదయ్య కోటిలోన

అవతారిక. కవి కాలాదుల చర్చ ఇక్కడ అనవసరం. కవీ వ్యాఖ్యాతా ఒక్కరే. మన మెతుకుసీమ మల్లినాథసూరికి ఈ సౌకర్యం లేక, కాళిదాసు మనసులో ఏముందో తానే ఊహించుకోవలసి వచ్చింది. ఛందస్సు ఆటవెలది. కందమే రాద్దామనుకున్నాం గానీ నాలుగు పాదాల ప్రాస కుదిరేలోగా బేరం తప్పిపోయేలా ఉంది.

సందర్భం ఇది. ఆదివారాలు హైదరాబాదు ఆబిడ్స్‌లో దుకాణాలు మూసి ఉంటాయి. మూసిన షట్టర్ల ముందు, పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. అక్కడ గొంతుక్కూచుని అట్టలు తిరగేసే జనంలో ఒక తెగ వేరుగా ఉంటుంది. వీళ్లు కథ పేరు చూడరు, రచయిత పేరు చూడరు. బొమ్మ గీసిన చెయ్యి ఎవరిదో చూస్తారు. శాస్త్రం వీళ్లను రసికులంటుంది. ఇంట్లోవాళ్లు అనే మాట వేరు. అలాంటి ఒక రసికుడు తోటి రసికుడితో అంటున్న మాట ఈ పద్యం.

పాత = ప్రాచీనమైన. ఎంత ప్రాచీనమైన? ఇక్కడ నాలుగు మతాలున్నాయి. చందమామ 1947 జులైలో మద్రాసులో పుట్టింది. నాగిరెడ్డి, చక్రపాణి పెట్టారు. దాని సంపాదకత్వం చూసిన కొడవటిగంటి కుటుంబరావు 1980లో పోయేదాకా వచ్చినవే పాతవని మొదటి మతం. బొమ్మలు గీసిన చిత్రా పోయిన 1978తోనే గీత గీయాలని రెండోది. వపా, అంటే వడ్డాది పాపయ్య, వేసిన అట్ట ఉంటే ఏ సంవత్సరమైనా పాతదేనని మూడోది. తాను నిక్కర్లేసుకున్న రోజుల్లో వచ్చినదే పాతది, మీసం వచ్చాక వచ్చిందంతా కొత్తదని నాలుగోది. నాలుగోదాన్ని ఎవరూ పైకి చెప్పరు, అందరూ పాటిస్తారు.

చందమామ = ఆ పేరు గల మాసపత్రిక. ఇక్కడొక పూర్వపక్షం. "మీరు చిత్రకథల అభిమానులమంటారు. చందమామలో గళ్లు లేవు, మాటల బుడగలు లేవు. అది కథల పుస్తకం, బొమ్మలు తోడు మాత్రమే. కనుక మీరు మా గోష్ఠిలోకి రాకూడదు." హైటెక్స్‌లో కామిక్ కాన్‌కి వేషం కట్టుకొని వెళ్లే కుర్రవాళ్ల వాదం ఇది.

సమాధానం. తోడు ఎవరికి ఎవరో విచారించాలి. దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్లు, తోకచుక్క మొదలు భల్లూక మాంత్రికుడి దాకా, చదివినవాళ్లను కథ చెప్పమనండి, మధ్యలో తడబడతారు. బొమ్మ చెప్పమనండి, మాంత్రికుడి గడ్డం ఎటు వంగిందో కూడా చెబుతారు. రాజు కత్తి పట్టి, భుజాన శవాన్ని వేసుకొని, వెనక్కి చూడకుండా నడిచే ఆ బొమ్మ చాలదా? దానికి గడీ అక్కర్లేదు, బుడగ అక్కర్లేదు. శవంలోని భేతాళుడే మాట్లాడతాడు. ఆ బొమ్మతో పేరు ముడిపడిన శంకర్, అంటే కె.సి. శివశంకరన్, 2020లో 96 ఏళ్ల వయసులో పోతే 2021లో పద్మశ్రీ ప్రకటించారు. రసికులు అంతకు చాలా ముందే ఇచ్చేశారు.

చెయ్యి గుర్తుపట్టడం ఈ తెగలో ప్రవేశ పరీక్ష. పాత సభ్యుడు బొటనవేలితో మూల సంతకాన్ని మూసి పేజీ చూపిస్తాడు. "ఎవరు?" కొత్తవాడు చెట్టు చూస్తాడు, గుర్రం చూస్తాడు, రాక్షసుడి కాలివేళ్లు చూస్తాడు. చిత్రా గీతలో పరుగుంటుంది. శంకర్ గీతలో ఓపికుంటుంది. కోటగోడకు రాళ్లన్నీ పేర్చి, రాణి వడ్డాణానికి రాళ్లన్నీ పొదిగిగానీ కలం కింద పెట్టడు. చిత్రా రాక్షసుణ్ణి చూస్తే పిల్లవాడికి భయంతో పాటు కాస్త స్నేహం కూడా కలుగుతుంది. ఈ వ్యాఖ్యాతది చిత్రా పక్షం. శంకర్ పక్షంవాళ్లు దీన్ని చదివి ఉత్తరాలు రాస్తారని తెలుసు, రాయనివ్వండి. ఒక చెయ్యికీ మరొక చెయ్యికీ తేడా సంతకం లేకుండా చెప్పగలగడం అజంతా గుహల్లో అయితే పరిశోధన అవుతుంది, పేవ్‌మెంట్ మీద అయితే పనిలేనితనం అవుతుంది. ఈ న్యాయం మాకు ఇంతవరకు బోధపడలేదు.

పదివేలు = పది వేల సంఖ్య గలవి. లెక్కల పక్షంవారు ఇక్కడ కవిని నిలదీశారు. నెలకొకటి చొప్పున 1947 నుంచి సుమారు 2012 దాకా, నడుమ ఆగిన నెలలు తీసేస్తే, తెలుగు చందమామలు ఎనిమిది వందలు దాటవు. పదివేలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? అతిశయోక్తి అలంకారమని కొందరు తప్పించుకున్నారు. అది తప్పు, కవి చెప్పినది స్వభావోక్తి. ఈ జాతివాళ్లు ఉన్న సంచికనే మళ్లీ కొంటారు. ఇంట్లో ఉన్నదానికి పిన్ను తుప్పు పట్టింది, ఇది నయం. ఇంట్లో ఉన్నదాని మీద ఎవరో పెన్నుతో రాజుకు కళ్లజోడు గీశారు, ఇది శుభ్రం. పైగా దుకాణదారు విడిగా అమ్మడు. "విడిగ ఇయ్య సార్, తీస్కుంటే లాట్ మొత్తం తీస్కోండి" అంటాడు. కావలసిన ఒక్కదాని కోసం అక్కర్లేని నలభై ఇంటికి వస్తాయి. పదివేలు అలా అవుతాయి.

లేని సంచిక ఒకటి = తన దగ్గర లేనిది. సంచిక, ఒకటి అన్నచోట సంధి బాగాలేదని వైయాకరణులు గొణుగుతారు. దాన్ని వెతికేవాడి పరిస్థితి అంతకన్నా బాగాలేదు. వాడి జేబులో ఒక చీటీ ఉంటుంది. నిలువున సంవత్సరాలు, అడ్డంగా నెలలు, దొరికినచోట టిక్కు. ఖాళీ గడి ఒకటే మిగిలిందనుకోండి, చూపు టిక్కుల మీద ఆగదు. అమర చిత్ర కథలు సేకరించేవాళ్లది మరీ విచిత్రమైన బాధ. అక్కడ ప్రసిద్ధమైన 'కృష్ణ' సంఖ్య 11. అంతకు ముందు పదీ పాశ్చాత్య కథలు, మొదట కన్నడంలో వచ్చాయి. పురాణాల కోసం మొదలుపెట్టినవాడు సంఖ్యలు పూర్తికావాలని సిండ్రెల్లాల వెంట పడవలసి వస్తుంది.

ఇక్కడే ప్రతినిధి విచారం. తెలుగు సంచిక దొరకలేదు, అదే నెల తమిళ అంబులిమామ దొరికింది. టిక్కు పెట్టవచ్చునా? చందమామ డజను పైచిలుకు భాషల్లో వచ్చింది, బొమ్మలు అన్నిటికీ అవే. సోమలత దొరకనప్పుడు పూతీకతో యాగం జరిపించవచ్చునని మీమాంసకులు ఒప్పుకున్నారు గనుక పెట్టవచ్చునని ఒక వర్గం. అయితే పెన్సిల్‌తో పెట్టాలి. తమిళం ఒక్క అక్షరం రానివాడు అంబులిమామ ఒళ్లో పెట్టుకొని గంటసేపు కూచోవడం మేం చూశాం. వాడు చదవడం లేదని ఎవరనగలరు?

స్కాన్ ప్రతినిధి అవుతుందా? చదువుకోవడానికి అవుతుంది, నిద్రపట్టడానికి కాదు. అయినా పత్రిక ఆగిపోయాక పాత సంచికలు ఇవాళ్టివాళ్ల కంటపడుతున్నాయంటే, చెదలతోనూ రామబాణం పురుగుతోనూ పోటీపడి పేజీ పేజీ స్కాన్ చేసిన ఈ నిద్రలేనివాళ్ల చలవే చాలావరకు.

అట్ట చినుగకున్నన్ = ముఖచిత్రం నిలిచి ఉంటే. ఈ షరతులో తెలుగిళ్ల చరిత్ర ఉంది. పూర్వం సంవత్సరం పుస్తకాలు పోగుచేసి బైండుకు ఇస్తే, బైండరు మొదట అట్టలు పీకేసేవాడు, తర్వాత అంచులు కోసేసేవాడు. కొందరు సీరియల్ పేజీలు మాత్రమే చింపి కుట్టించుకునేవారు. కథ దక్కింది, వడ్డాది పాపయ్య రంగులు, ఎం.టి.వి. ఆచార్య మహాభారతం బొమ్మలు కిరాణా పొట్లాలైపోయాయి. కాబట్టి అట్టతో ఉన్నదానికి ఒక ధర, మొండిదానికి ఒక ధర. అమెరికాలో 2000 నుంచి ఒక సంస్థ కామిక్కు పుస్తకానికి పదికి మార్కులు వేసి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి ఇస్తోంది. పెట్టె పగలగొట్టి చదివితే మార్కు చెల్లదు. మనవాళ్లకు ఈ పద్ధతి అంటదని మా నమ్మకం. పుస్తకాన్ని ముక్కుదగ్గర పెట్టుకోకుండా మనవాడు ధర చెప్పలేడు.

అప్పుచేసైనను = ఋణము పొంది అయినను. ఇది అతిగా తోచేవారికి దేశాంతర ప్రమాణాలు చూపుతున్నాం. టిన్‌టిన్ 'బ్లూ లోటస్' అట్టకని ఎర్జే 1936లో వేసిన బొమ్మను అచ్చుకు ఖర్చెక్కువని పక్కన పెట్టారు. దాని మీద మడతలు కూడా పడ్డాయి. 2021 జనవరిలో పారిస్ వేలంలో అదే దాదాపు 32 లక్షల యూరోలు పలికింది. మరుసటి జనవరిలో స్పైడర్‌మన్ నల్లబట్టలతో కనిపించే 1984 నాటి ఒకే ఒక్క పేజీ, మైక్ జెక్ గీసిన అసలు ప్రతి, 33.6 లక్షల డాలర్లకు పోయింది. వీటి పక్కన మనవాడు బావమరిది దగ్గర చేసిన చేబదులు ఏపాటిది? ఈ పోలిక బావమరిదికి మాత్రం చెప్పకూడదు.

కోటిలోన = ఆబిడ్స్ పక్కనున్న కోఠి ప్రాంతమున. పాఠాంతరాలు: బెజవాడవాళ్లు ఇక్కడ లెనిన్ సెంటర్ ఉండాలంటారు. పాత పుస్తకాల విషయంలో న్యాయమే గానీ యతి చెడుతుంది. మద్రాసు ప్రతుల్లో మూర్ మార్కెట్ అని ఉండాలి. 1985లో అది కాలిపోయింది, పాఠం కూడా దానితో పోయింది.

తాత్పర్యం. ఎన్ని పాత చందమామలు కూడబెట్టినా, దొరకని ఒక్క సంచిక నిద్ర చెడగొడుతుంది. అది చక్కని అట్టతో కోఠిలో కనపడితే అప్పు తెచ్చి అయినా కొనక తప్పదు.

ఫలశ్రుతి. ఈ పద్యాన్ని ఆదివారం ఉదయం ఎనిమిది లోపల మూడుసార్లు చదివినవారికి కావలసిన సంచిక వేరేవాళ్ల చేతిలో కనిపించును. ఎనిమిది దాటాక చదివినవారికి అదీ కనిపించదు. విన్నవారి అటకల మీద తాతలనాటి ట్రంకుపెట్టెలేమైనా ఉంటే, పాతపేపర్ల బండి పిలిచేముందు దయచేసి మాకొక కబురు పెట్టవలెను. లాట్ మొత్తం తీసుకుంటాం.